"రేపు అమ్మ దగ్గరికి వెళ్ళాలి": ఒక ఫ్రెంచ్ హాస్యనటుడి 11 ఉత్తరాలకి తేదీలు వెతికిన కథ

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ కేసులో నటుడి పేరు గానీ ఆయన ఫ్రెండ్ పేరు గానీ రాయను. ఉత్తరాలు ఫ్రాన్స్‌లో ఒకరింట్లో ఉన్నాయి, ఆయన పెట్టిన కండిషన్ ఏంటంటే పని గురించి ఎంతైనా రాసుకో, పేర్లు వద్దు, ఉత్తరాల్లో మాటల్ని ఉన్నవి ఉన్నట్టు బయట పెట్టొద్దు. కాబట్టి ఉత్తరాల్లో విషయమంతా నా మాటల్లోనే చెప్తా. నటుడేమీ స్టార్ కాదు, 1860ల్లో పారిస్ బులవార్ థియేటర్లలో నౌకరు వేషాలు, మోసపోయే మొగుడి వేషాలు వేసుకుని బతికిన రెండో వరస కమెడియన్. ఫ్రెండ్ థియేటర్ ఆర్కెస్ట్రాల్లో సెకండ్ వయొలిన్.

నేను చేసేది పాత ఫ్రెంచ్ చేతిరాత చదివి టైప్ చేయడం, తేదీల్లేని కాగితాలకి తేదీలు పెట్టడం. కాకినాడలో కూర్చుని చేస్తా. పక్కనే యానాం, అది 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళ చేతిలోనే ఉంది కదా, అక్కడి పాత ఆస్తి కాగితాలు చదివిపెట్టడంతో మొదలైన పని ఇది, తర్వాత మెల్లగా ఫ్రాన్స్ నుంచే పనులు రావడం మొదలైంది. నాతో పాటు యానాం అమ్మాయి ఒకావిడ సెకండ్ రీడింగ్ చేస్తుంది, నేను టైప్ చేసింది స్కాన్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తుంది. ఈ కేసులో అసలు ముడి విప్పింది తనే, అదీ ఫోన్‌లో వేరే విషయం మాట్లాడుతూ.

మొత్తం 11 ఉత్తరాలు, అన్నీ నటుడు రాసినవే, వయొలిన్ ఆయన రాసిన జవాబులు ఒక్కటీ లేవు. నాలుగింటికి మాత్రమే పూర్తి తేదీ ఉంది. మిగతావి ఎక్కువగా "మంగళవారం రాత్రి", "గురువారం, షో అయ్యాక" ఇలాంటివి. రోజూ కలిసే ఫ్రెండ్‌కి సంవత్సరం ఎవరు వేస్తారు చెప్పండి, మనం వాట్సాప్‌లో వేస్తామా.

కమెడియన్‌కీ సెకండ్ వయొలిన్‌కీ ఇంత దోస్తీ ఏంటని మొదట్లో నాకూ అనిపించింది. అప్పటి వోద్‌విల్ అనే తేలిక హాస్య నాటకాల్లో డైలాగుల మధ్యలో చిన్న చిన్న పాటలుంటాయి, ట్యూన్లు ఎక్కువగా జనానికి తెలిసినవే వాడేవాళ్ళు. పాడేది గాయకులు కాదు, నటులు. గొంతు అంతంతమాత్రం ఉన్న కమెడియన్ ఆ పాట ఎత్తుగడ అందుకోవాలంటే కింద పిట్‌లో, అంటే స్టేజీ ముందు వాయిద్యాల వాళ్ళు కూర్చునే గుంటలో, ఎవరో ఒకరు స్వరం అందివ్వాలి, జనం నవ్వు ఆగేదాకా విల్లు పట్టుకుని ఆగాలి, మళ్ళీ సరైన చోట ఎత్తుకోవాలి. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు మీద ఆర్టిస్టుకి ఎంత ఆధారమో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఉత్తరాలన్నిట్లో నటుడు ఫ్రెండ్‌ని పిలిచే పిలుపు ఒకటే, "ముసలి గీకుడుగా" అని అర్థం వచ్చేది, వయొలిన్ గీకేవాడని. ఒరేయ్ లెవెల్ చనువు. (ఒక్క ఉత్తరంలో తప్ప, దాని సంగతి చివర్లో చెప్తా.)

యజమాని నాకు స్కాన్లతో పాటు ఒక పాత ట్రాన్స్‌క్రిప్షన్ కూడా పంపాడు, ఎప్పుడో ఎవరితోనో డబ్బులిచ్చి చేయించుకున్నది. అది తీసి చూడగానే ఒక తమాషా కనపడింది. నాలుగో ఉత్తరం, 1865ది, తేదీ "12 ఆగస్టు" అని టైప్ చేసి ఉంది. విషయమేమో డ్రెస్సింగ్ రూములో కుంపట్ల గురించి మేనేజర్‌తో గొడవ. ఆగస్టులో పారిస్‌లో కుంపటి దేనికండీ? స్కాన్ తెరిచా. అంకె 8 వేసి దాని పక్కన పైకి చిన్నగా "బ్ర్" అని తోక ఉంది. అప్పటివాళ్ళు సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లని పొట్టిగా 7, 8, 9 అంకెలేసి రాసేవాళ్ళు, డిసెంబర్‌కి రోమన్ పది. లాటిన్‌లో ఆ నెలల పేర్లలోనే ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది ఉన్నాయి కాబట్టి. అంటే 8 వేస్తే అక్టోబర్, ఎనిమిదో నెల కాదు. ఈ పని కొత్తగా చేసే ప్రతివాళ్ళూ ఒకసారి పడే గొయ్యే ఇది, నేనూ పడ్డా.

సరే అక్టోబర్ అయింది కాబట్టి కుంపటి సరిపోయింది అనుకున్నా. కానీ అది కుంపటి కూడా కాదు! అక్కడున్న మాట "ఫ్యూ", అంటే నిప్పులు, మంటలు. థియేటర్ వాళ్ళ భాషలో మాత్రం అది జీతం కాకుండా ఆడిన ప్రతి షోకీ ఇచ్చే భత్యం, ఒకప్పుడు డ్రెస్సింగ్ రూములో చలిమంటకీ వెలుగుకీ ఇచ్చిన డబ్బుల నుంచి వచ్చిన పేరు. ఆయన మేనేజర్‌తో కొట్టుకుంటున్నది చలి గురించి కాదు, పైసల గురించి. అంటే తప్పు అర్థం పట్టుకుని నేను కరెక్ట్ నెలకి వెళ్ళా. అదృష్టం అనుకోవాలి. అప్పుడే భయం కూడా పట్టుకుంది, ఈ మనిషి రాసిన ప్రతి మాటకీ వెనక గ్రీన్‌రూమ్ అర్థం ఇంకోటి ఉంటుందేమో అని. ఆయన "ఫూర్" అంటే పొయ్యి కాదు, అట్టర్ ఫ్లాప్. "పాన్" అంటే చెత్త వేషం. "స్వర్గం" అంటే థియేటర్లో అన్నిటికంటే పై అంతస్తు, చవక సీట్లు. మనకి నేల టికెట్ కింద, తెర ముందు. వాళ్ళ నేల టికెట్ పైన, కప్పు కింద.

ఇప్పుడు అసలు కేసు, ఆరో ఉత్తరం. ఇక్కడ "ఆరో" అని చెప్తున్నా గానీ మొదట్లో నేను దీన్ని ఐదోది చేశా, గొడవంతా అదే.

ఇది ఒకే కాగితాన్ని మడిచి, బయటి పక్కన అడ్రస్ రాసి, కవరు లేకుండా పంపింది. స్టాంపులు పోగుచేసే అలవాటున్నవాళ్ళు ఎవరో ఎప్పుడో దాన్ని కత్తెరతో చతురస్రంగా కోసేసుకున్నారు. స్టాంపుతో పాటు పోస్టాఫీసు ముద్ర పోయింది, కాగితం లోపలి పక్కన రెండు లైన్లలో సగం సగం పోయింది. పోయిన ముక్కలోనే థియేటర్ పేరు ఉండి ఉండాలి, ఎందుకంటే కన్నం ఎడమ అంచున "ఈ రాత్రి" అని ఉంది, కుడి అంచున ఒక వాక్యం తోక ఉంది. పైన తేదీ: బుధవారం 31. నెల లేదు, సంవత్సరం లేదు.

బుధవారం 31 దొరికితే నాలాంటోడికి పండగే, ఎందుకంటే వారమూ తేదీ కలిసి ఉంటే క్యాలెండర్‌తో కొట్టొచ్చు. నా దగ్గర ఎక్సెల్ షీట్ ఒకటుంది. 1860 నుంచి 1870 దాకా 31వ తేదీ బుధవారం పడింది 10 సార్లు. రెండో ఉత్తరంలో బులవార్ ద్యు తాంప్ల్ థియేటర్లు పడగొట్టడం గురించి ఉంది, ఆయన మొదట వేషం కట్టిన చోటు అదే. అక్కడ చివరి ఆటలు జరిగింది 1862 జూలై 15న, పారిస్‌ని తిరగగడుతున్న ఓస్‌మాన్ ఆ వరసని తీసేయించాడు, ఖూనీల నాటకాలు ఎక్కువాడేవని జనం దాన్ని క్రైమ్ బులవార్ అనేవాళ్ళు. ఆరో ఉత్తరంలో ఆ కూల్చివేత పాత సంగతిలాగా వస్తుంది కాబట్టి దానికి ముందువి కొట్టేశా. మిగిలింది 8: 1862 డిసెంబర్, 1864 ఆగస్టు, 1865 మే, 1866 జనవరి, 1866 అక్టోబర్, 1867 జూలై, 1869 మార్చి, 1870 ఆగస్టు. ఉత్తరంలో బూట్లు తడిసి రాత్రికి ఆరలేదని, వేళ్ళు కొంకర్లు పోతున్నాయని ఉంది, కాబట్టి మే, జూలై, ఆగస్టులు పోయాయి. 1862 డిసెంబర్ 31 అయితే తెల్లారితే కొత్త సంవత్సరం, ఆ రోజు పారిస్‌లో అందరూ ఒకరికొకరు ఎత్రెన్ అని కానుకలు ఇచ్చుకుంటారు, పని మనుషులకీ ద్వారపాలకుడికీ డబ్బులివ్వాలి, డబ్బు గురించి ఏడ్చే ఈ మనిషి ఆ మాట ఎత్తకుండా ఉంటాడా, ఛాన్సే లేదు. 1869 మార్చి కూడా పోయింది, ఎందుకంటే ఈ ఉత్తరంలో 100 సూల బాకీ ఇంకా ఉంది, 1867 అని పూర్తి తేదీ ఉన్న ఎనిమిదో ఉత్తరంలో ఆ బాకీ తీరిపోయిందని ఉంది.

(100 సూలు అంటే 5 ఫ్రాంకులు. ఫ్రాంకుకి 20 సూలు. చట్టం ప్రకారం అప్పటికి ఫ్రాంకులూ సాంతీములూ వచ్చి చాలా కాలమైనా జనం సూలలోనే లెక్క చెప్పేవాళ్ళు, మా తాతగారు నయా పైసలొచ్చాక కూడా అణాల్లోనే కూరగాయలు బేరమాడినట్టు.)

మిగిలినవి రెండు, 1866 జనవరి 31, 1866 అక్టోబర్ 31. లీపు కాని ఏడాదిలో జనవరి, అక్టోబర్ తేదీలకి ఎప్పుడూ వారాలు ఒకటే, క్యాలెండర్ ఇంతకంటే చేసేదేం లేదు.

నేను జనవరి ఎంచుకున్నా. కారణాలు అప్పుడు నాకు బ్రహ్మాండంగా కనిపించాయి, వరసగా చెప్తా, తర్వాత ఎలా కూలాయో కూడా చెప్తా.

మొదటిది, అమ్మ. పూర్తి తేదీ ఉన్న ఒక ఉత్తరం 1866 మార్చి 9ది. అందులో వాళ్ళమ్మ చనిపోయిన సంగతి ఉంది. ఆ ఉత్తరం గురించి ఒక్క నిమిషం చెప్పాలి. పారిస్‌లో అప్పుడు అంత్యక్రియలకి క్లాసులుండేవి, రైలు టికెట్లలాగా, ఎంత డబ్బుకి అంత ముస్తాబు. ఆయన రాసింది ఏంటంటే, అమ్మ బతికున్నన్నాళ్ళూ డబ్బు దండగని బండెక్కలేదు, ఎంత దూరమైనా నడిచేది, మొత్తానికి ఇవాళ రెండు గుర్రాల బండి ఎక్కించా, దిగనంది, అని. ఆ లైన్ టైప్ చేశాక నేను కాసేపు లేచి బయట నిలబడ్డా. దాని కిందే, అంత్యక్రియలకి నువ్విచ్చిన 100 సూలు మర్చిపోనని ఉంది. ఇప్పుడు బుధవారం 31 ఉత్తరంలో ఏముందంటే, రేపు పొద్దున అమ్మని చూడ్డానికి వెళ్ళాలి, పూలకి 10 సూలుంటే ఇవ్వు, పాత 100 సూలతో కలిపి రాసుకో. రేపు అమ్మని చూడ్డానికి వెళ్తున్నాడంటే అమ్మ బతికే ఉంది, బతికుందంటే మార్చి 9కి ముందు. జనవరి. ఇంకేం కావాలి?

రెండోది, ఆ రాత్రి థియేటర్లో ఏదో కొత్త ఆట ఉందని, అది కొలోన్ నుంచి వచ్చి చెల్లో (వయొలిన్ కంటే పెద్ద తంత్రీ వాయిద్యం) వాయించే ఆయన రాసిందని ఉంది. అలా అంటే పాటల నాటకాలకి సంగీతం కట్టే ఓఫెన్‌బాక్ తప్ప ఇంకెవరూ కాదు, ఇప్పటి జర్మనీలోని కొలోన్‌లో 1819లో పుట్టాడు, 1833లో పారిస్ వచ్చాడు, చెల్లోతోనే పేరు తెచ్చుకున్నాడు. 1866 ఫిబ్రవరి 5న వారియేతే థియేటర్లో ఆయన "బార్బ్-బ్లూ" మొదలైంది. జనవరి 31 అంటే దానికి సరిగ్గా ఐదు రోజుల ముందు, రిహార్సల్స్ వేడి మీదుంటాయి. పైగా మూడో ఉత్తరం ప్రకారం మన వయొలిన్ ఆయన "లా బెల్ ఎలెన్" ఆడుతున్నప్పుడు పనిచేసింది వారియేతే పిట్‌లోనే. అది 1864 డిసెంబర్ 17న మొదలైన ఆట. అంతా తాళంలో తాళంచెవి దూరినట్టు సరిపోయింది. "ఈ రాత్రి" అని ఉంది కదా, ఫిబ్రవరి 5 కదా అంటే, ఈ రాత్రి రిహార్సల్ అయ్యుంటుందిలే, ఆ మాట కన్నంలో పోయుంటుందిలే అని సర్దిచెప్పుకున్నా. కన్నం ఉన్న కాగితంతో ఇదే డేంజర్, మనకి పనికిరానిదంతా ఆ కన్నంలోకి తోసేయొచ్చు.

జనవరి పెట్టేసరికి ఏమైందంటే, లెక్కలో ఒక కొత్త అప్పు పుట్టింది. జనవరిలో "పాత 100 సూలు" ఉంది, మార్చిలో అంత్యక్రియలకి 100 సూలు. అంటే రెండు అప్పులు. దాన్ని బట్టి క్యాటలాగ్ నోట్‌లో నేను ఏం రాశానంటే, నటుడు ఫ్రెండ్ మీద తరచూ ఆధారపడేవాడు, బాకీ తీర్చకముందే మళ్ళీ అడిగేవాడు, సరదాలకీ బొకేలకీ కూడా అప్పు చేసేవాడు అని. సోగ్గాడు, అప్పులప్పారావు టైపు. ఆ నోట్ యజమానికి వెళ్ళిపోయింది కూడా. ఆయనకి నచ్చింది, "హాస్యనటుడంటే అలాగే ఉంటాడు" అని మెయిల్ పెట్టాడు.

నవంబర్ 1న మా సెకండ్ రీడర్ ఫోన్ చేసింది. వాళ్ళు క్యాథలిక్కులు. "అన్నా, రేపు నాకు కుదరదు, అమ్మ దగ్గరికి వెళ్ళాలి, పూలు కూడా ఇప్పుడే కొనిపెట్టుకోవాలి రేపు రేట్లు మండిపోతాయి" అంది. సరేనమ్మా అని ఫోన్ పెట్టేశా. టీ పెట్టుకుంటుంటే అప్పుడు తగిలింది. వాళ్ళమ్మగారు పోయి మూడేళ్ళు. నవంబర్ 2 సమాధుల పండుగ. నేను ఒక్క క్షణం కూడా తడబడకుండా అర్థం చేసుకున్నా, తనేమీ "అమ్మ సమాధి దగ్గరికి" అనలేదు, అనక్కర్లేదు కూడా, ఎవరంటారు అలా.

ఫ్రాన్స్‌లో నవంబర్ 1 సర్వ పునీతుల పండుగ, 2 ఆత్మలది, కానీ జనం సమాధులకి పూలు పట్టుకెళ్ళేది 1నే, అది సెలవు కాబట్టి. బుధవారం 31 అక్టోబర్ అయితే, "రేపు" అంటే నవంబర్ 1. పూలు. అమ్మని చూడ్డానికి. స్టవ్ కట్టేసి సిస్టమ్ దగ్గరికి పరిగెత్తా. (పాలు పొంగి పోయాయి, కట్టాననుకున్నది కట్టలేదు.)

అప్పుడు మళ్ళీ చదివితే ఉత్తరం మొత్తం మారిపోయింది. 100 సూల బాకీ ఒక్కటే, మార్చిలో అంత్యక్రియలకి తీసుకున్నది. జనవరి అప్పు అనేది అసలు లేనే లేదు, నేను తప్పు తేదీ పెట్టి పుట్టించిన దెయ్యం అప్పు. పూలు సరదాకి కాదు. పాతదానితో కలిపి రాసుకో అన్నాడంటే, అమ్మ ఖాతాలోనే రాసుకో అని.

కానీ ఒక్క పండగ మీద తేదీ మార్చేస్తే మళ్ళీ అదే తప్పు చేసినట్టు, మొదటిసారీ ఇలాగే ఒక మాట చూసి పొంగిపోయా కదా. కాబట్టి కన్నానికి కుడి అంచున మిగిలిన వాక్యం తోక మీద కూర్చున్నా. దాన్ని నేను మొదట ఇలా చదువుకున్నా: ఆ ఇబ్బందిపడే ఆవిడ ఒక్కతే ఇబ్బందిపడట్లేదు. అర్థం లేని మాట. ఏదో నలిగిపోయింది, ముందు పదాలు కన్నంలో పోయాయి కాబట్టి అలా ఉందని ప్రశ్నార్థకం పెట్టి వదిలేశా. అక్కడ రెండుసార్లు వచ్చిన మాట "ఆంప్రంతే". ఫ్రెంచ్‌లో దానికి రెండర్థాలు. ఒకటి, చేతులూ కాళ్ళూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొయ్యబారిపోయే మనిషి. రెండోది, ఉత్త మామూలు అర్థం, అరువు తెచ్చినది. ఒకే మాట రెండు సార్లు, రెండు అర్థాల్లో వాడాడు: మొత్తం ట్రూపులో కొయ్యబారకుండా ఉన్నది ఆ అరువు తెచ్చినావిడ ఒక్కతే!

అది అర్థమయ్యాక ఇంక తేదీకి వేరే సాక్ష్యం అక్కర్లేదు దాదాపు. 1866 అక్టోబర్ 31 బుధవారం రాత్రి పాలే-రోయాల్ థియేటర్లో ఓఫెన్‌బాక్ "లా వీ పారిజియెన్" మొదటి ఆట. పాలే-రోయాల్ అంటే నవ్వుల నాటకాల థియేటర్, అక్కడివాళ్ళు మంచి కమెడియన్లే గానీ గాయకులు కాదు, ఓఫెన్‌బాక్ వాళ్ళ గొంతులకి తగ్గట్టు పాటలు రాయాల్సొచ్చింది. అసలు పాడగలిగిన మనిషి కావాలని గ్లవ్స్ కుట్టే గాబ్రియెల్ వేషానికి జుల్మా బుఫార్‌ని బయట నుంచి తీసుకొచ్చారు. అరువు తెచ్చినావిడ. రిహార్సల్స్‌లో సగం మందికి ఆట నిలబడుతుందన్న నమ్మకమే లేదని చెప్పుకుంటారు, తీరా చూస్తే అది మామూలు హిట్ కాదు. అదే "బార్బ్-బ్లూ" అయితే ఈ జోకు అసలు పండదు, ఎందుకంటే వారియేతేలో హీరోయిన్ ఓర్తాన్స్ ష్నైడర్, "లా బెల్ ఎలెన్" నుంచీ ఆ థియేటర్‌కి మహారాణి ఆవిడ, ఆవిడని అరువు తెచ్చినావిడ అంటే వయొలిన్ ఆయనే నవ్వుండేవాడు కాదు.

ఇంకొకటి, ఎనిమిదో ఉత్తరంలో, అంటే 1867లో, వయొలిన్ ఆయన పాలే-రోయాల్ పిట్‌లో ఉన్నట్టు చక్కగా ఉంది. పిట్ వాయిద్యగాళ్ళు థియేటర్లు మారుతూనే ఉంటారు, నేనే మూడో ఉత్తరం పట్టుకుని వేలాడా.

యజమానిని అడిగి కన్నం చుట్టూ 600 డీపీఐలో, పక్క నుంచి లైటు వేసి మళ్ళీ స్కాన్ చేయించా. అంచున ఒక అక్షరం కాలు కనపడింది, పాలే-రోయాల్‌లోని మొదటి అక్షరం అనుకోవచ్చు. కానీ ఇంకో మూడు అక్షరాలక్కూడా అలాంటి కాలే ఉంటుంది ఆయన చేతిరాతలో. అందుకని దాన్ని రిపోర్టులో రాశా గానీ సాక్ష్యం కింద పెట్టలేదు. మా సెకండ్ రీడర్ పెట్టమంది, నేను వద్దన్నా.

నోట్ వెనక్కి తీసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని. యజమానికి అప్పులప్పారావు బొమ్మ నచ్చేసింది కదా. రెండు పేజీల మెయిల్ రాశా, తప్పు నాదేనని మొదటి లైన్లోనే రాశా. ఆయన వారం తర్వాత జవాబిచ్చాడు, ఫ్రెంచ్ వాడినై ఉండి నవంబర్ 1 నాకు తట్టలేదు, ప్రతి ఏడూ మా అమ్మ దగ్గరికి నేనూ వెళ్తా, అని. అంతే రాశాడు. బిల్లులో ఈ రీడేటింగ్ పనికి నేను డబ్బులు వేసుకోలేదు.

మిగతా ఉత్తరాల సంగతి త్వరగా చెప్పేస్తా. ఒకటి, రెండు, మూడు పెద్ద కష్టపెట్టలేదు. తొమ్మిదోది చాలావరకు నల్లటి మరకే, చదవడానికి పెద్దగా ఏం మిగల్లేదు. పదోది మాత్రం ముచ్చటైనది, 1870-71 ముట్టడి టైంలో పారిస్ నుంచి బెలూన్‌లో బయటికొచ్చిన ఉత్తరం. ప్రష్యా సైన్యం 1870 సెప్టెంబర్ 19 నుంచి 1871 జనవరి 28 దాకా ఊరిని చుట్టేసినప్పుడు టపా పోవడానికి గాలి దారి ఒక్కటే మిగిలింది, సెప్టెంబర్ 23న మొదటి బెలూన్ లేచింది, మొత్తం అరవై పైనే వెళ్ళాయి. ఉత్తరం బరువు 4 గ్రాములు దాటకూడదు, స్టాంపు 20 సాంతీములు. ఉల్లిపొరలాంటి కాగితం, వెనకపక్క సిరా ముందుకి కనపడుతుంది, చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. వయొలిన్ ఆయన అప్పటికే తూర్ అనే ఊళ్ళో అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. సెప్టెంబర్‌లోనే థియేటర్లు మూయించారు, తర్వాత కొన్ని చోట్ల గాయపడ్డవాళ్ళకి విరాళాల కోసం ఆటలు పెట్టారు, కొమెదీ-ఫ్రాన్సేజ్ థియేటర్లో అయితే ఆసుపత్రే పెట్టారు. మన కమెడియన్ గుర్రం మాంసం గురించి నాలుగు లైన్లు రాసి, చివర్లో, జీవితమంతా నేను కింద స్టేజీ మీద, నా జోకులు పై స్వర్గానికి అందేవి కాదు, ఇప్పుడు నా ఉత్తరం స్వర్గం దాటి పోతోంది చూడు, అన్నాడు. ఆ "స్వర్గం" చవక సీట్లదని తెలియకపోతే ఇది చావు గురించిన మాటలాగా చదువుకుంటాం. పాత ట్రాన్స్‌క్రిప్షన్‌లో అలాగే చదివారు, "నటుడి ఆధ్యాత్మిక చింతన" అని మార్జిన్‌లో ఒక నోటు కూడా! పదకొండోది ముట్టడి అయ్యాక, మూడు లైన్లు, బతికున్నా, గీకడం మర్చిపోయావా అని.

ఇక ఏడోది. దీనికి వారం కూడా లేదు. సంబోధన "అయ్యా" అని, ఒంటి మీద గుండీలన్నీ పెట్టుకుని రాసినట్టు, మొదటి నుంచి చివరిదాకా "మీరు". మిగతా పదింట్లో "నువ్వు". తెలుగువాళ్ళకి ఈ తేడా చెప్పక్కర్లేదు, పదేళ్ళ ఫ్రెండు ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసి "ఏమండీ, మీరు" అన్నాడంటే గుండె జారుతుంది. విషయం ఒక్కటే, 110 సూలు ఇందుమూలంగా చెల్లించడమైనది అని. 100 ప్లస్ పూలకి 10. కాబట్టి ఇది 1866 అక్టోబర్ 31 తర్వాతది, 1867 ఎనిమిదో ఉత్తరానికి ముందుది, అంతవరకు గట్టిగా చెప్పగలను. కానీ ఎందుకు "మీరు"?

మా సెకండ్ రీడర్ దాన్ని జోకు అంటుంది. ఆ రాత అంతా కోర్టు అమీనా ఇంటికొచ్చి అంటించే నోటీసు భాష, సంబోధన మొదలు సంతకం దాకా అమీనాని అనుకరిస్తున్నాడు, స్టేజీ మీద అలాంటి వేషాలే వేసేవాడు కదా అంటుంది. నాకూ ఆ నోటీసు భాష కనపడుతుంది. కానీ మిగతా ఉత్తరాలన్నిట్లో ఏదో ఒక మూల బొమ్మ గీస్తాడు, ముక్కు పొడుగ్గా ఉన్న మొహం ఒకటి, వయొలిన్ పట్టుకుని. మడత దగ్గరో, సంతకం తోకలోనో, సిరా మరకకే కళ్ళు పెట్టో. ఇందులో లేదు. నాలుగు మూలలూ చూశా, వెనకా చూశా. వయొలిన్ ఆయన పూల డబ్బుల గురించి ఎవరి ముందన్నా ఏదో అనుంటాడని నా అనుమానం, అనుమానమే, రిపోర్టులో రాయలేదు. క్యాటలాగ్‌లో దాని ఎదురుగా [1866 నవంబర్ - 1867?] అని పెట్టి, "స్వరం: నిర్ధారించలేం" అని వదిలేశా.

కోపమని నేను, జోకని తను, కిలో గొట్టం కాజాలు పందెం. జవాబు ఉత్తరాలు ఎక్కడన్నా బయటపడితే గానీ తేలదు, కాజాలు ఇంకా ఎవరం కొనలేదు.